ఫ్లోరిన్ చెప్పలేనిది కార్బన్ ఎంతవరకు చెబుతుంది?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక ఊరు. జీవరసాయన శాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టాను. మా నాయనమ్మ తరం వాళ్లు జొన్న గటక, జొన్నరొట్టె తిని ఊరి బావి నీళ్లు, ఆ తర్వాత బోరు నీళ్లు తాగారు. మా తరం రేషన్ బియ్యంతో పెరిగింది. జొన్న తినేవారి ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తుందని చదివాను. పళ్లలో, వెంట్రుకల్లో స్థిర ఐసోటోపులను కొలిచి, ఒంట్లోని ఫ్లోరిన్ ఏ నీటి నుంచి చేరిందో, ఆ మనిషి చిన్నప్పుడు జొన్న తిన్నాడో వరి తిన్నాడో తేల్చాలని నా కోరిక. ఒక దంతవైద్యుడి దగ్గర పీకిన పళ్లు ఫార్మలిన్ సీసాలో ఉన్నాయి. యాదగిరిగుట్టలో తలనీలాలు కూడా దొరుకుతాయని స్నేహితులు అంటున్నారు. మా విశ్వవిద్యాలయంలో ఉన్న మాస్ స్పెక్ట్రోమీటర్‌తో ఈ పని అవుతుందా?

సమాధానం: మీ ఆలోచనలో ఒక సగం ఎవరి వల్లా కాని పని. రెండో సగం మీరు అనుకున్నదానికంటే బాగా చేయదగిన పని. కాని పని సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే దాని మీద మీరు ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకూడదు.

ప్రకృతిలో ఫ్లోరిన్‌కు ఒకే ఒక్క స్థిర ఐసోటోపు ఉంది, అది ఫ్లోరిన్-19. ఈ విద్య అంతా ఒకే మూలకానికి చెందిన బరువైన, తేలికైన రూపాల నిష్పత్తి మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఒకే రూపం ఉన్నచోట కొలవడానికి నిష్పత్తే ఉండదు. సోడియం, అల్యూమినియం, భాస్వరం, అయోడిన్‌ల సంగతీ అంతే. మీ ఊరి బోరు నీటిలోని ఫ్లోరిన్‌కూ, తేయాకులోని ఫ్లోరిన్‌కూ, టూత్‌పేస్టులోని ఫ్లోరిన్‌కూ ఏ యంత్రమూ తేడా చూపలేదు. పన్నులో ఫ్లోరైడ్ ఎంత ఉందో తెలుసుకోవడం మాత్రం తేలికే. పంటిని పైనుంచి కప్పే గట్టి పొరను ఎనామెల్ అంటారు; దాని పొడిని ఆమ్లంలో కరిగించి, ద్రావణం ఆమ్లతను నిలకడగా ఉంచే టిసాబ్ బఫర్ కలిపి, ఫ్లోరైడ్ ఎలక్ట్రోడుతో కొలవవచ్చు. దానికి మాస్ స్పెక్ట్రోమీటర్ అక్కరలేదు.

నీటి మూలం తెలుసుకోవాలన్న పట్టుదల మీకు గట్టిగా ఉంటే స్ట్రాన్షియం వైపు చూడండి. అది కాల్షియం స్థానంలో ఎనామెల్‌లోకి చేరుతుంది. నల్లగొండ కింద ఉన్నది అతి పురాతనమైన గ్రానైటు. మీ బోరు నీటికి ఫ్లోరైడ్ ఇచ్చేదీ, స్ట్రాన్షియం ఇచ్చేదీ ఆ రాయే. ఇంత పాత గ్రానైటు మీదుగా వచ్చిన నీటిలో స్ట్రాన్షియం-87, 86ల నిష్పత్తి ఎక్కువగా ఉంటుంది. కృష్ణా నది ఎగువ పరీవాహకంలో అధిక భాగం దక్కన్ బసాల్టు. ఆ రాతి నిష్పత్తి తక్కువ. కాబట్టి నాగార్జునసాగర్ నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్లకూ, బోరు నీళ్లతో పెరిగిన వారి పళ్లకూ తేడా ఉండవచ్చని ఊహించడం సబబే. అయితే తిండిలోంచి, సముద్రపు ఉప్పులోంచి కూడా స్ట్రాన్షియం వస్తుంది; పైగా దీనికి కావలసిన యంత్రం, శుద్ధి గది పూర్తిగా వేరు. మొదటి పరిశోధనలో దీన్ని కలుపుకోవద్దన్నది నా సలహా.

ఇక కార్బన్. వరి, గోధుమ, కంది, పెసర, వేరుశెనగ, ఆకుకూరలు ఒక దారిలో గాలిలోని కార్బన్‌ను పట్టుకుంటాయి. జొన్న, సజ్జ, తైదలు, కొర్రలు, మక్కలు, చెరకు ఇంకొక దారిలో పట్టుకుంటాయి. మొదటి రకంలో రుబిస్కో అనే ఎంజైము బరువైన కార్బన్-13ను బాగా వదిలేస్తుంది కాబట్టి వాటి డెల్టా విలువ సుమారు మైనస్ 27 పర్ మిల్ దగ్గర ఉంటుంది. రెండో రకంలో ఆ వడపోత చాలావరకు మూసుకుపోతుంది కాబట్టి మైనస్ 12 దగ్గర ఉంటుంది. పర్ మిల్ అంటే వెయ్యికి ఇంత అనే లెక్క. ప్రామాణిక పదార్థంలోని నిష్పత్తికి మన నమూనా నిష్పత్తి ఎంత దూరంలో ఉందో డెల్టా విలువ చెబుతుంది. గటకకూ అన్నానికీ మధ్య ఉన్న ఈ 15 పర్ మిల్ దూరమే మీ పరిశోధనకు మూలధనం.

ఆ దూరం పెద్దదిగా కనిపిస్తుంది గానీ, నిజానికి అది నిష్పత్తిలో ఒకటిన్నర శాతం మాత్రమే. కార్బన్ పరమాణువుల్లో కార్బన్-13 సుమారు 1.1 శాతం. ఆ కొద్ది భాగంలో పదివేలలో ఒక వంతు మార్పును, అంటే 0.1 పర్ మిల్‌ను, నమ్మకంగా పట్టుకోవాలి. మీ విశ్వవిద్యాలయంలో ఉన్నది అణువులను గుర్తించే ఎల్‌సీ-ఎంఎస్ అయినా, లోహాలను కొలిచే ఐసీపీ-ఎంఎస్ అయినా ఈ పనికి పనికిరాదు. మీకు కావలసింది ఐఆర్‌ఎంఎస్, అంటే ఐసోటోపుల నిష్పత్తి కోసమే కట్టిన మాస్ స్పెక్ట్రోమీటర్. అందులోకి నమూనా వాయువుగా మారిన తర్వాతే వెళుతుంది. కార్బన్ డయాక్సైడ్ అణువులను అయాన్లుగా మార్చి, అయస్కాంతం గుండా వంచి, 44, 45, 46 ద్రవ్యరాశులను పక్కపక్కన ఉన్న మూడు ఫారడే కప్పుల్లో (అయాన్లను పట్టి వాటి ప్రవాహాన్ని కొలిచే గిన్నెల్లో) ఏకకాలంలో పడేలా చేస్తారు. అయాన్ల ప్రవాహం క్షణక్షణానికీ ఊగుతూ ఉంటుంది; మూడు కప్పులూ ఆ ఊగుడును ఒకేసారి చూస్తాయి కనుక నిష్పత్తిలో అది కొట్టుకుపోతుంది. ఒక్కొక్క ద్రవ్యరాశినీ వంతులవారీగా చూసే మామూలు యంత్రానికి ఆ వీలు లేదు. హైదరాబాద్ ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల, లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఇటువంటి కొలతలు చేస్తున్నాయి. మీ మార్గదర్శకుడి చేత ఉత్తరం రాయించండి.

నమూనాల విషయంలో మీరు పళ్లనూ వెంట్రుకలనూ ఒకే గాటన కట్టారు. అవి చెప్పే కాలాలు వేరు. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, ఆరు సెంటీమీటర్ల వెంట్రుక గడిచిన ఆరు నెలల తిండిని చెబుతుంది, అంతకు మించి వెనక్కు పోదు. మీ నాయనమ్మ ఈనాటి వెంట్రుకలో ఆమె చిన్ననాటి గటక ఉండదు. ఎనామెల్ అలా కాదు. అది బాల్యంలో ఒకసారి గట్టిపడిన తర్వాత మళ్లీ కొత్తగా తయారు కాదు. పళ్ల మీద ఫ్లోరోసిస్ మచ్చలు పడేదీ ఎనామెల్ ఏర్పడే ఆ ఏళ్లలోనే. అంటే ఒకే పన్నులో, ఒకే వయసుకు చెందిన రెండు సాక్ష్యాలు, ఫ్లోరైడ్ హాని ఒకటి, తిండిలోని కార్బన్ ఇంకొకటి, పక్కపక్కనే ఉన్నాయి. మీ ప్రశ్నకు ఇంతకంటే తగిన నమూనా లేదు. కాబట్టి పళ్లనే ప్రధానంగా పెట్టుకోండి.

ఏ పన్ను అన్నది చాలా ముఖ్యం. మొదటి దవడ పన్ను పైభాగం పుట్టినప్పటి నుంచి సుమారు మూడేళ్ల లోపు ఏర్పడుతుంది. అది తల్లిపాల కాలం కాబట్టి అందులో బిడ్డ తిన్నదాని కంటే తల్లి తిన్నదే ఎక్కువగా కనిపిస్తుంది. రెండో దవడ పన్ను పైభాగం సుమారు మూడేళ్ల నుంచి ఏడెనిమిదేళ్ల వరకు ఏర్పడుతుంది; ఆ వయసుకు బిడ్డ ఇంటిల్లిపాదితో పాటు కంచంలో తింటుంటాడు. జ్ఞానదంతం ఇంకా తర్వాతి కాలానిది. అందువల్ల దంతవైద్యుడు ప్రతి కవరు మీద పన్ను సంఖ్యను రాయాలి (ఉదాహరణకు 37 అంటే కింది ఎడమ రెండో దవడ పన్ను), దానితోపాటు మనిషి పుట్టిన ఏడు, చిన్నప్పుడు పెరిగిన ఊరు, తాగిన నీరు రాయాలి. ఈ వివరాలు ఉంటే మీకు చక్కటి గీత ఒకటి దొరుకుతుంది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం తెచ్చింది. 1965 ప్రాంతంలో పుట్టినవారి రెండో దవడ పన్ను ఆ బియ్యానికి ముందు ఏర్పడింది. 1985 ప్రాంతంలో పుట్టినవారిది ఆ బియ్యం మీద ఏర్పడింది. ఆ ఇద్దరూ ఒకే ఊరివారైతే ఇంకా మంచిది.

ఫార్మలిన్ సీసాలోని పళ్లను పక్కన పెట్టండి. ఫార్మలిన్ నిలవ ఉన్నకొద్దీ ఆమ్లంగా మారి ఎనామెల్ పైపొరను కొరుకుతుంది. లోపలి డెంటిన్ ప్రోటీన్‌కు ఫార్మాల్డిహైడ్ అతుక్కుని తన కార్బన్‌ను కలుపుతుంది. అసలు అంతకంటే పెద్ద లోపం, ఆ సీసాలో ఏ పన్ను ఎవరిదో ఎవరికీ తెలియకపోవడం. తలనీలాలదీ అదే కథ. గుట్ట దగ్గర కుప్పగా దొరికే వెంట్రుకలకు మనిషి లేడు, ఊరు లేదు, అనుమతి లేదు. భారతీయ వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాల ప్రకారం మీ సంస్థ నైతిక సంఘం ఆమోదం, ఇచ్చేవారి రాతపూర్వక అంగీకారం లేకుండా మనిషి పన్నునూ వెంట్రుకనూ పరిశోధనకు తీసుకోకూడదు. చికిత్స కోసం ఎలాగూ పీకవలసి వచ్చిన పన్నునే అడగాలి. కొత్తగా తీసిన పన్నును చేతి తొడుగులతో శుభ్రం చేసి, స్వేదన జలంతో కడిగి, బాగా ఆరబెట్టి కాగితపు కవరులో ఉంచితే చాలు.

ఎనామెల్ తయారీలో తొందర పనికిరాదు. ముందు వజ్రపు మొనతో పైపొరను గీసి పారేయాలి. ముఖ్యంగా ఫ్లోరోసిస్ పళ్లలో ఉపరితలం కింద సన్నని రంధ్రాలు ఉంటాయి కాబట్టి తమలపాకు సున్నం, మందులు, రంగులు లోపలికి ఇంకి ఉంటాయి. సున్నం కార్బన్‌ను మోసుకొస్తుందని ఆకు-వక్క వేసుకునే పెద్దల విషయంలో గుర్తుంచుకోండి. డెంటిన్ కలవకుండా ఎనామెల్‌ను మాత్రమే పొడి చేసి, సజల ఎసిటిక్ ఆమ్లంలో కొద్దిసేపు ఉంచి పైనుంచి చేరిన కార్బొనేటును కరిగించి, పలుమార్లు కడిగి ఆరబెట్టాలి. ఆ పొడి మీద నీరు లేని ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని 70 డిగ్రీల దగ్గర పోస్తే ఎనామెల్ స్ఫటికాల్లో ఇరుక్కున్న కార్బొనేటు కార్బన్ డయాక్సైడుగా బయటికి వస్తుంది. యంత్రం కొలిచేది దాన్నే. ఎనామెల్‌లో కార్బొనేటు కొద్ది శాతమే. విలువ ముందే తెలిసిన ప్రమాణంగా వాడే కాల్సైటు అనే ఖనిజంలో అది 60 శాతం. కాబట్టి రెండింటినీ ఒకే బరువు తూచితే ఒకదాని వాయువు ఎక్కువై, ఇంకొకదానిది తక్కువై లెక్క వంకర పోతుంది. వెలువడే వాయువు సమానంగా ఉండేలా తూచాలి. ఐఏఈఏ-603, ఎన్‌బీఎస్-18 అనే రెండు ప్రమాణాలను మీ నమూనాల మధ్య మధ్యలో పెట్టమని ప్రయోగశాలను అడగండి. ఒకే ప్రమాణంతో విలువ చెబితే అది సున్నా గుర్తును సరిచూసినట్లే గానీ కొలబద్ద పొడవును సరిచూసినట్లు కాదు. రెండు ప్రమాణాలూ మీ నమూనాలు నడిచిన రోజే, అదే ఆమ్లంతో, అదే వరుసలో నడిచి ఉండాలి.

ఈనాటి తిండితో పోల్చుకోవడానికి వెంట్రుకలు కూడా కొద్దిగా పెట్టుకోవచ్చు. తల వెనుక భాగం నుంచి చర్మానికి ఆనించి ఓ చిటికెడు కత్తిరించి, కుదుళ్ల వైపు దారం కట్టాలి. మన తలలకు కొబ్బరినూనె ఉంటుంది; కొబ్బరి వరి జాతి దారిలో నడిచేది, పైగా ఏ కొవ్వులోనైనా కార్బన్-13 తక్కువే. నూనె మిగిలిపోతే జొన్న తిన్నవాడు కూడా బియ్యం తిన్నవాడిలా కనిపిస్తాడు. అందుకే క్లోరోఫాం, మిథనాల్ 2:1 మిశ్రమంతో పలుమార్లు కడిగి, నీటితో కడిగి, 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, సన్నగా కత్తిరించి తూచాలి. అర మిల్లీగ్రాము వెంట్రుక తరుగును చిన్న తగరపు గిన్నెలో వేసి, పట్టకారుతో అంచులు మడిచి గింజంత ఉండగా చేయాలి. వేసవిలో మన వైపు గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, స్థిర విద్యుత్తు వల్ల ఆ తరుగు పట్టకారు మొనకు అతుక్కుని గిన్నెలోకి దిగదు, దిగినది ఎగిరి పక్క గిన్నెలో పడుతుంది. మడిచిన ఉండను శుభ్రమైన అద్దం మీద ఒకసారి జారవిడిచి చూడండి. అద్దం మీద నలుసు కనిపిస్తే మడత సరిగా లేదని అర్థం. దాన్ని పారేసి కొత్తది తూచాలి. ఇలాంటి నమూనాలతోపాటు నడపడానికి భారతీయుల వెంట్రుకలతోనే తయారైన యూఎస్‌జీఎస్-43 అనే ప్రమాణం ఉంది. దాని కార్బన్ విలువ మైనస్ 21.28, నైట్రోజన్ విలువ ప్లస్ 8.44. ప్రయోగశాల ఇచ్చే జాబితాలో మీ వెంట్రుకల కార్బన్-నైట్రోజన్ పరమాణు నిష్పత్తి 3.0 నుంచి 3.8 లోపు లేకపోతే ఆ విలువను వాడకండి. చాలాసార్లు అది నూనె వదలలేదనడానికి గుర్తు.

విలువ చేతికొచ్చాక దాన్ని తిండిగా మార్చే లెక్క పైకి చాలా సులువుగా ఉంటుంది. అక్కడే మోసపోతాం. ఒకరి వెంట్రుక మైనస్ 20 వచ్చిందనుకోండి. వెంట్రుక తన తిండికంటే సుమారు 3 పర్ మిల్ పైన ఉంటుందని తీసుకుంటే తిండి మైనస్ 23. అది మైనస్ 27కు 4 దూరంలో ఉంది కాబట్టి 15లో 4 వంతులు, అంటే సుమారు 27 శాతం జొన్న జాతి కార్బన్. ఆ 3ను 4గా మార్చి చూడండి, జవాబు 20 శాతానికి దిగిపోతుంది. యంత్రం 0.1 వరకు కచ్చితంగా ఉన్నా, మన ఊహలోని ఒక్క పర్ మిల్ సందేహం జవాబును ఏడు శాతం కదిలిస్తుంది. పైగా జొన్న జాతి కార్బన్ అంటే జొన్నే అని కాదు. వెంట్రుక ముఖ్యంగా తిన్న ప్రోటీన్ గురించి చెబుతుంది. వంద గ్రాముల జొన్నపిండిలో ప్రోటీన్ సుమారు 10 గ్రాములైతే వంద గ్రాముల కోడిమాంసంలో సుమారు 20 గ్రాములు, ఆ కోడి తిన్నది ఎక్కువగా మక్కలు. జొన్నరొట్టె ముట్టని హైదరాబాద్ కుర్రవాడి వెంట్రుకలోనూ ఈ కార్బన్ కనిపించడానికి అదొక కారణం. జొన్న చొప్ప మేసిన బర్రె పాలూ, చెరకు చక్కెరా ఇదే కోవలోనివి. ఎనామెల్ ఈ విషయంలో కొంత నయం. అది ప్రోటీన్‌తో పాటు పిండిపదార్థం, కొవ్వు అన్నింటినీ కలిపి చెబుతుంది, తిండికంటే సుమారు 10 నుంచి 12 పర్ మిల్ పైన ఉంటుంది. 1960ల్లో, 70ల్లో మీ ఊళ్లలో ఫారం కోడి తిన్న పిల్లలు ఎందరుంటారు? ఆనాటి పన్నులో ఈ కార్బన్ కనిపిస్తే అది దాదాపుగా జొన్న, సజ్జ, తైదలదే. ఆ మూడింటిలో ఏదన్నది మాత్రం కార్బన్ చెప్పదు. ఊరి పెద్దలను అడిగి రాసుకోవాలి.

రెండు తరాలను పోల్చేటప్పుడు గాలి కూడా మారిందని మరచిపోవద్దు. బొగ్గు, పెట్రోలు కాల్చడం వల్ల గాలిలోని కార్బన్ డయాక్సైడు విలువ 1980ల మొదట్లో సుమారు మైనస్ 7.6 ఉండగా ఇప్పుడు మైనస్ 8.5 దగ్గరికి దిగింది, మొక్కలూ దానితోపాటే దిగాయి. ఆనాటి పన్నును ఈనాటి పంటల విలువలతో పోలిస్తే దాదాపు ఒక పర్ మిల్ తేడా గాలి వల్లనే వస్తుంది. ప్రతి పన్నునూ అది ఏర్పడిన ఏళ్ల గాలి విలువకు సవరించాలి.

ఫలితాల అర్థం గురించి ఒక హెచ్చరిక ఇవ్వక తప్పదు. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగే వ్యాధిని వర్ణించారు. జొన్న తిండి మీద ఉన్నవారి ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తుందన్న పరిశీలన కూడా ఆ సంస్థ నుంచి ఆ దశాబ్దంలోనే వచ్చింది. మీరు చదివింది అదే అయి ఉంటుంది. అయితే నల్లగొండలో వానాధార చెలకల మీద జొన్న పండే ఊళ్లు, ఫ్లోరైడ్ బావుల మీద ఆధారపడిన ఊళ్లు చాలావరకు ఒకటే. సాగర్ కాలువ పారిన చోట వరి పండింది, నీరూ మారింది. కాబట్టి మచ్చలు ఎక్కువున్న పళ్లలో జొన్న కార్బన్ ఎక్కువగా కనిపించినా, నేరం జొన్నదో నీటిదో ఆ సంఖ్యలు విడదీయవు. విడదీయాలంటే నీటి ఫ్లోరైడ్ ఇంచుమించు ఒకటిగా ఉండి తిండి వేరుగా ఉన్న కుటుంబాలు కావాలి. అటువంటివి మీ ఊళ్లోనే ఉండవచ్చు: భూమి ఉండి వరి తిన్న ఇళ్లు, కూలి చేసి జొన్న తిన్న ఇళ్లు ఒకే బావి దగ్గర నీళ్లు తోడుకున్న కాలం ఎప్పుడో, ఆ బావి ఏదో పెద్దలకు గుర్తుంటుంది. సర్కారు బావి అందరికీ ఒకటిగా ఉండేదా, లేదా అన్నది కూడా మీరు మొహమాటం లేకుండా అడగవలసిన ప్రశ్నే.

ప్రయోగశాలకు మొదటిసారే పళ్లన్నీ పంపకండి. అయిదారు పళ్లను ఎంచుకుని, ఒక్కొక్క దాని ఎనామెల్ పొడిని మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు విడివిడిగా తయారుచేసి, ఏది దేనికి జతో ప్రయోగశాలకు చెప్పకుండా సంఖ్యలు వేసి పంపండి. వాటితోపాటు మీ ఊరి జొన్నలు, రేషన్ బియ్యం, కందిపప్పు, బర్రె పాలు, గుడ్డు కూడా ఆరబెట్టి పంపండి. పుస్తకంలోని మైనస్ 27, మైనస్ 12ల స్థానంలో మీ సొంత విలువలు ఉంటాయి. ఒకే పన్నుకు చెందిన జతలు 0.2 పర్ మిల్ లోపు కలిస్తే మిగతా పళ్లు పంపవచ్చు. కలవకపోతే పొడి చేసే దగ్గర డెంటిన్ కలిసిందా, ఎసిటిక్ ఆమ్లంలో ఒకటి ఎక్కువసేపు ఉండిపోయిందా అని మీ నోటు పుస్తకంలో వెతకడం మొదలుపెట్టండి.